కమిట్ అయిన కుర్రాడు వెనక్కి తగ్గితే తప్పు ఎవరిది? కాలేజ్ బాస్కెట్‌బాల్ రిక్రూటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

నేను డాలస్ దగ్గర హైస్కూల్ పిల్లలకి క్లబ్ బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇస్తుంటాను, ఈ మధ్య మన తెలుగు పిల్లలు కూడా బాగానే వస్తున్నారు. ఎవరో పేరున్న రిక్రూట్ (కాలేజీలు తమ టీమ్‌కి పిలుస్తున్న కుర్రాడు) డీకమిట్ అయ్యాడని, అంటే ఫలానా కాలేజీలో ఆడతానని కమిట్ అయి తర్వాత మానుకున్నాడని వార్త రాగానే పేరెంట్స్ గ్రూపులో మొదలవుతుంది, మాట మీద నిలబడడు, డబ్బుకి ఆశపడ్డాడు, వీడి పని అయిపోయింది అని. చదివి చదివి విసుగొచ్చింది, అందుకే ఒక్కసారి అన్నీ రాసేస్తున్నా.

అపోహ: కమిట్ అయ్యాడంటే సీటు, స్కాలర్‌షిప్ ఖాయం.

వాస్తవం: ఇన్‌స్టాలో ఆ స్కూల్ (ఇక్కడ స్కూల్ అంటే కాలేజీయే) జెర్సీ వేసుకున్న ఫొటో పెట్టి "కమిటెడ్" అని రాయడం వట్టి నోటి మాట. తాంబూలాలు పుచ్చుకున్నట్టు అనుకోండి, ఊరంతా తెలిసింది గానీ ఇంకా తాళి పడలేదు. అసలు ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలని నడిపే సంస్థ) రూల్స్ ప్రకారం పన్నెండో తరగతి మొదలయ్యే ముందు వచ్చే ఆగస్ట్ 1 దాకా స్కూల్ రాతపూర్వకంగా స్కాలర్‌షిప్ ఆఫర్ ఇవ్వడానికే లేదు, అంటే టెన్త్‌లోనే కమిట్ అయిన పిల్లాడి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదన్నమాట. తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన లమెలో బాల్ 13 ఏళ్లకే యూసీఎల్ఏకి (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ) కమిట్ అయ్యాడు, తర్వాత లిథువేనియా వెళ్లి ప్రొఫెషనల్‌గా ఆడాడు, కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 13 ఏళ్ల పిల్లాడి మాటని అగ్రిమెంట్‌లా చూసిన పెద్దవాళ్లని ఏమనాలి?

అపోహ: సంతకం పెట్టాక ఇక కదలడానికి లేదు.

వాస్తవం: 1964 నుంచి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటి ఉండేది, అది సంతకం చేసి వెళ్లకపోతే పెనాల్టీ ఉండేది, స్కూల్ రిలీజ్ (వదిలేస్తున్నాం అన్న అనుమతి) ఇస్తే తప్ప. 2024 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది స్కాలర్‌షిప్ అగ్రిమెంట్ మీద, దానికి తోడు 2025 జులై 1 నుంచి స్కూళ్లే నేరుగా ఆటగాళ్లకి డబ్బులివ్వొచ్చు కాబట్టి రెవెన్యూ షేరింగ్ కాంట్రాక్ట్ కూడా వస్తోంది. స్కాలర్‌షిప్ అగ్రిమెంట్ సంతకం అయ్యాక వేరే స్కూల్ కోచ్‌లు ఆ పిల్లాడిని రిక్రూట్ చేయకూడదు, ఆ పాత రక్షణ అలాగే ఉంచారు. కానీ డబ్బు కాంట్రాక్ట్‌లో మధ్యలో వెళ్లిపోతే ఎంత వెనక్కి కట్టాలి అన్న క్లాజులు ఉండొచ్చు, అవి చదవకుండా ఫొటోకి పోజిచ్చి సంతకం పెట్టే కుటుంబాలని చూస్తే నాకు భయమేస్తుంది.

అపోహ: పిల్లాడు స్కూల్‌కి మాటిచ్చాడు, కోచ్ మారితే ఏంటి?

వాస్తవం: ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే అసలు కథంతా ఇక్కడే ఉంది. కాగితం మీద అయితే నిజమే, పాత నేషనల్ లెటర్‌లో కూడా నువ్వు సంతకం పెడుతున్నది కాలేజీకి, కోచ్‌కి కాదు అనే ఉండేది. కానీ రెండేళ్లు రోజూ ఫోన్ చేసింది, ఇంటికొచ్చి అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడింది, నిన్ను ఈ పొజిషన్‌లో ఇలా ఆడిస్తాను అని బొమ్మలు గీసి చూపించింది కోచే కదా. 2017 మార్చిలో వాషింగ్టన్ యూనివర్సిటీ కోచ్ లొరెంజో రోమార్‌ని తీసేసింది, అప్పటికే సంతకం చేసిన మైఖేల్ పోర్టర్ జూనియర్ రిలీజ్ అడిగి తీసుకున్నాడు, వాళ్ల నాన్న రోమార్ దగ్గర అసిస్టెంట్ కోచ్, ఆ నాన్నకే మిజోరీలో ఉద్యోగం వచ్చింది, కొడుకూ అక్కడికే వెళ్లాడు. తప్పెవరిది చెప్పండి? 2009లో కోచ్ జాన్ కాలిపారి మెంఫిస్ యూనివర్సిటీ వదిలి కెంటకీ వెళ్లిపోతే మెంఫిస్‌కి సంతకం చేసిన జేవియర్ హెన్రీ కాన్సస్‌లో చేరాడు. కోచ్ వెళ్తే కెరీర్‌లో మెట్టెక్కాడు అంటాం, పిల్లాడు వెళ్తే నమ్మకద్రోహం అంటాం, ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వీళ్లందరిలో నాకు తెలివైనవాడు అనిపించేది డిమార్కస్ కజిన్స్. ముందు యూఏబీకి (బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ) నోటిమాటగా కమిట్ అయ్యాడు, కానీ కోచ్ మైక్ డేవిస్ వెళ్లిపోతే నన్ను వదిలేస్తామని రాసివ్వండి అన్నాడు, అది కుదరలేదు, దాంతో సంతకం పెట్టలేదు. తర్వాత మెంఫిస్‌కి కమిట్ అయి, కాలిపారి వెనకే కెంటకీకి వెళ్లాడు. జనం మూడు స్కూళ్లు మార్చాడు అన్నారు, నేను మాత్రం సరైన ప్రశ్న అడిగాడు అంటా.

అపోహ: ఎప్పుడూ పిల్లాడే హ్యాండిస్తాడు.

వాస్తవం: స్కూళ్లు కూడా ఇస్తాయి, కాకపోతే చప్పుడు లేకుండా. రోజూ వచ్చే ఫోన్లు వారానికోసారి అవుతాయి, మెసేజ్‌లకి జవాబు అసిస్టెంట్ ఇస్తాడు, తర్వాత "నీ పొజిషన్‌లో ఇంకొకళ్లు వస్తున్నారు, ఒక ఏడాది ప్రెప్ స్కూల్‌లో (హైస్కూల్ అయ్యాక, కాలేజీకి ముందు చేరేది) ఆడొచ్చు కదా" అంటారు. దానికి అర్థం ఏంటో కుర్రాడికి తెలిసిపోతుంది, పరువు కోసం తనే "కుటుంబంతో మాట్లాడాక నా రిక్రూట్‌మెంట్ మళ్లీ ఓపెన్ చేస్తున్నా" అని పోస్ట్ పెడతాడు. అది చదివి మనం వాడినే తిడతాం. సంతకం అయ్యేదాకా కోచ్‌లు ఒక పిల్లాడిని రిక్రూట్ చేస్తున్నామని ఒప్పుకోవడం తప్ప అతని గురించి బయట మాట్లాడకూడదు, అది రూల్, కాబట్టి స్కూల్ వైపు కథ ఎప్పటికీ బయటికి రాదు.

దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2018లో మొదలైంది, 2021లో మొదటిసారి స్కూల్ మారితే ఏడాది కూర్చోవాలన్న నిబంధన తీసేశారు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడొచ్చు. ఇక ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు నేర్చుకునేదాకా ఆగుతాడా, వేరే కాలేజీలో మూడేళ్లు ఆడేసిన ఇరవై రెండేళ్లవాడిని ఏప్రిల్‌లో తెచ్చుకుంటాడా? టీమ్‌లో ఉండేది 15 మందే. ఈ మధ్య నాకు తెలిసిన డీకమిట్లలో ఎక్కువ ఈ లెక్క దగ్గరే తెగాయి.

అపోహ: అంతా డబ్బు కోసమే.

వాస్తవం: డబ్బు లేదని అబద్ధం చెప్పను. స్కూళ్లు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వడానికి దారి తీసిన హౌస్ సెటిల్‌మెంట్‌ని (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో రాజీ) 2025 జూన్ 6న కోర్టు ఆమోదించింది, 2025-26లో ఒక్కో స్కూల్ అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చని పరిమితి పెట్టారు. కానీ స్కూళ్లు ఇలా నేరుగా డబ్బులివ్వని రోజుల్లోనూ డీకమిట్లు జరిగాయి కదా. ఆ మధ్య జీజీ జాక్సన్ 2022 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాకి కమిట్ అయి, జులైలో మానుకుని, ఒక ఏడాది ముందే హైస్కూల్ ముగించి సొంత ఊరు కొలంబియాలో ఉన్న సౌత్ కరోలినాలో చేరాడు. ఇంటి దగ్గర ఉండటం, ముందే ఆడే ఛాన్స్ రావడం, ఇవి కూడా మనుషులకి కారణాలే.

అపోహ: డీకమిట్ అయితే కెరీర్ ఖతం.

వాస్తవం: కజిన్స్ 2010 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమం) 5వ పిక్, పోర్టర్ 2018లో 14వ పిక్. అయితే ఎలా చెప్పాడన్నది కోచ్‌లు గుర్తుపెట్టుకుంటారు. ముందు హెడ్ కోచ్‌కి కుర్రాడే ఫోన్ చెయ్యాలి, నాన్న కాదు, నాలాంటి క్లబ్ కోచ్ కాదు, మెసేజ్ అసలే కాదు. ఆ తర్వాతే పోస్ట్. కోచ్ ఆ వార్త ట్విట్టర్‌లో చూసి తెలుసుకుంటే మాత్రం ఆ తలుపు ఇక తెరుచుకోదు.

అపోహ: ఇవన్నీ పెద్ద స్టార్ల గొడవలు, మన పిల్లలకి ఎందుకు?

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా చూసేది డివిజన్ 3 (ఎన్‌సీఏఏ మూడు స్థాయిల్లో కిందది, డివిజన్ 1 పైది), హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, వాటిల్లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. అక్కడ కమిట్ అవ్వడం అంటే చాలాసార్లు కోచ్ అడ్మిషన్స్‌లో సపోర్ట్ చేస్తాడు, మీరు ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే అక్కడే చేరతామని ముందే ఒప్పుకుని) అప్లై చెయ్యాలి. ఎర్లీ డెసిషన్ నోటిమాట కాదండీ, పిల్లాడు, పేరెంట్, హైస్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు, సీటొచ్చాక ఫీజు కట్టలేని పరిస్థితి లాంటిది ఉంటే తప్ప మానుకోవడం కష్టం. అంటే డివిజన్ 1 స్టార్ కంటే మన పిల్లాడికే వెనక్కి తగ్గే దారి తక్కువ. ఇంకోటి, హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి పని చేసే అనుమతి లేదు, ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారినా ఎన్ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేది) తీసుకుంటే చిక్కులే, కాబట్టి ఎవరైనా కాంట్రాక్ట్ చేతిలో పెడితే కోచ్‌ని కాదు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.