ఆ గోడ మీదికి ఫోటోలు ఎలా ఎక్కాయి, ఎందుకు దిగాయి

గత ఆదివారం నుంచి విజయవాడ ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ఫోటో తిరుగుతోంది. గోనె సంచి మూతి కొంచెం తెరిచి ఉంది, లోపలి నుంచి గంధపు దండ ఒకటి బయటికి వేలాడుతోంది, పక్కన ప్రాక్టీసు కోన్లు, గాలి దిగిన రెండు బంతులు. మా క్లబ్బు గది గోడకు రంగు వేయించడానికి దించిన ఫోటోలు, అంటే పోయినవాళ్ల ఫోటోలు, మొత్తం ఆ సంచిలోనే ఉన్నాయి. రంగు ఆరి మూడు వారాలైంది. మేకులు కూడా పీకేసి ఆ చిల్లుల్లో పుట్టీ పెట్టారని తెలిశాక, అవి తిరిగి ఎక్కవని అందరికీ అర్థమైంది. పోయినేడాది జనరల్ బాడీలో ఒకసారి రేగి చల్లారిన గొడవే ఇది, ఈసారి కుటుంబాలు కూడా వచ్చి కూర్చున్నాయి కాబట్టి అంత తేలిగ్గా చల్లారేలా లేదు.

క్లబ్బు పేరు రాయను. గ్రౌండుకి వచ్చేవాళ్లకి ఎలాగూ తెలుసు, రానివాళ్లకి తెలిసి చేసేదేమీ లేదు. రెండు రోజుల్లో వెనకటి కథ రాసిమ్మన్నారు, గుర్తున్నంతలో రాస్తున్నా. క్లబ్బు ఎవరు పెట్టారు, స్థలం ఎలా వచ్చింది, రైల్వే వాళ్లతో పాత మ్యాచులు, ఇవన్నీ వదిలేస్తున్నా. ఏటా రిపబ్లిక్ డే మ్యాచ్‌కి మైకులో వింటూనే ఉన్నాం కదా.

గోడ సంగతి మాత్రం చెప్పాలి. మొదట్లో దాని మీద ఒక్క ఫోటోనే ఉండేది, రహీమ్ సాబ్‌ది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఇండియాకి బంగారు పతకం తెచ్చిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న మనిషి, తర్వాతి ఏడాది జూన్‌లో పోయారు. పేపర్లోంచి కత్తిరించి ఫ్రేమ్ కట్టించిన బొమ్మ అది. ఆయన పక్కన పాత కార్యదర్శి ఒకరు చేరారు, తర్వాత మా కోచ్ మాస్టారు, తర్వాత యాక్సిడెంట్లో పోయిన ఒక గోల్‌కీపర్. మొత్తం ఏడు. ఆడినవాళ్లకీ ఆడించినవాళ్లకే గోడ అన్నది ఎవరూ రాసిపెట్టని రూలు.

కొత్త కమిటీ లెక్క ప్రకారం సమస్య 2021లో మొదలైంది. ఆ వేసవి ఎలా గడిచిందో మళ్లీ చెప్పక్కర్లేదు. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ, పోయినవాళ్లని కడసారి చూసింది లేదు, పెద్దకర్మకి నలుగురిని పిలిచి భోజనం పెట్టింది లేదు. గ్రౌండ్ మళ్లీ తెరిచాక ఒక్కొక్కరే ఫోటో పట్టుకుని వచ్చారు. లెఫ్ట్ వింగ్‌లో ఆడే కుర్రాడి నాన్న, ప్రతి మ్యాచ్‌కీ నీళ్ల క్యాన్ తన టీవీఎస్ మీద మోసుకొచ్చేవాడు. రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దాయన, కార్నర్ జెండా దగ్గర ఒకే చోట నిలబడి రిఫరీని తిట్టడం తప్ప క్లబ్బుకి ఆయన చేసిందేమీ లేదు, అయినా ఆయన లేకపోతే మ్యాచ్ మ్యాచ్‌లా ఉండేది కాదు. సైకిల్ మీద టీ అమ్మే బాబాయ్ ఒకాయన. ఆయనకి ఆధార్ కార్డు మీదిది తప్ప వేరే ఫోటో లేదు, దాన్నే పెద్దది చేయిస్తే ముఖం సగం గళ్లుగళ్లుగా వచ్చింది, గవర్నర్‌పేట ఫ్రేముల షాపతను ఇది కట్టినా బాగుండదండీ అన్నాడు, అయినా కట్టించాం. అలా ఏడు కాస్తా ముప్పై దాటాయి. వద్దనే మనిషి అప్పుడు ఒక్కరూ లేరు, ఇవాళ్టి అధ్యక్షుల వారితో సహా.

అక్కడే ఆపాల్సిందని కమిటీ వాళ్లంటారు. సరే, అనుకుందాం. కానీ నాకు తెలిసి అసలు మలుపు అది కాదు, 2024 సెప్టెంబర్ 1, ఊరిని వరద ముంచిన రోజు.

ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని ఆ మర్నాడు టీవీల్లో చూపించారు, అదొక రికార్డు. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు వాగు. మా క్లబ్బు పిల్లల్లో సగం మంది సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల వాళ్లే. గ్రౌండ్ ఎత్తు మీద ఉంది, గదిలోకి చుక్క నీరు రాలేదు. వాళ్ల ఇళ్లలో మాత్రం మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్లు, కొన్ని వీధుల్లో వారం దాటినా తీయలేదు. తర్వాత ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగించారు గుర్తుందా, ఆ బురదతో పాటు పోయినవాటిలో పెళ్లి ఆల్బములు, గోడ మీది ఫ్రేములు, ఫోన్లు అన్నీ ఉన్నాయి. తడిసి ఎండిన ఫోటో ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుస్తుంది, అద్దానికి అతుక్కుపోతుంది, లాగితే ముఖం అద్దంతో వస్తుంది, అట్ట చేతిలో మిగులుతుంది.

ఆ నెలాఖరులో ఒకావిడ గ్రౌండుకి వచ్చింది. నీళ్ల క్యాన్ మోసినాయన భార్య. చెప్పులు బయట విడిచి గదిలోకి వచ్చి గోడ వైపు చూస్తూ నిలబడింది.

"అన్నయ్య గారూ, ఈయన ఫోటో ఒకసారి దించుతారా, సెల్లులో తీసుకుంటాను. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదండీ."

అప్పటి కార్యదర్శి స్టూలెక్కి దించి, చొక్కా చేత్తో అద్దం తుడిచి ఇచ్చాడు. "తీసుకెళ్లమ్మా, నీదేగా."

"వద్దండీ. మళ్లీ నీళ్లొస్తే? ఇక్కడే ఉండనీయండి."

నేను అక్కడే జెర్సీలు లెక్కపెడుతున్నా. పక్కింటి అమ్మాయి ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకుంది, ఒకదాంట్లో ట్యూబ్‌లైటు అద్దంలో పడింది, మళ్లీ తీసుకుంది, ఫ్రేమ్ తిరిగి మేకుకి తగిలించేదాకా ఉండి వెళ్లిపోయింది. తర్వాతి రెండు నెలల్లో ఇంకో నలుగురు అలాగే వచ్చారు. ఇద్దరైతే ఎక్కడో చుట్టాల ఇళ్లలో దొరికిన ఒరిజినల్ తెచ్చి, ఇంట్లో కాపీ పెట్టుకున్నాం, ఇది మీ దగ్గరుంచండి అన్నారు. రసీదు లేదు, రిజిస్టర్‌లో ఎంట్రీ లేదు. ఇవాళ కమిటీ అడుగుతున్నది సరిగ్గా అదే, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏ తీర్మానం మీద తీసుకున్నారు అని. తీర్మానం నిజంగానే లేదు, అందులో అబద్ధం లేదు. ఆ రోజు తీర్మానం అడిగే ముఖం మాత్రం మా ఎవరికీ లేదు.

ఇక "ప్రొఫెషనల్ క్లబ్బుల్లో ఎక్కడా ఇలా ఉండదు, యూరప్‌లో చూడండి" అన్న మాట. పోయినేడాది మీటింగ్‌లో బాగా చప్పట్లు పడ్డ మాట ఇదే, అందుకే కాస్త చూద్దాం.

యూరప్‌లో చూస్తే, షాల్కే అని జర్మనీ క్లబ్బు ఉంది, గెల్సెన్‌కిర్చెన్ ఊళ్లో 2012లో అభిమానుల కోసం ఏకంగా శ్మశానంలో ఒక భాగమే తీయించారు, స్టేడియం ఆకారంలో, మధ్యలో గోల్‌పోస్టులతో. క్లబ్బు పుట్టింది 1904లో కాబట్టి సమాధుల చోట్లు కూడా 1904. హాంబర్గ్ వాళ్లు అంతకు నాలుగేళ్ల ముందే తమ స్టేడియం పక్కన అలాంటిది పెట్టారు. యూరప్ దాటితే అర్జెంటీనాలో బోకా జూనియర్స్ అభిమానులు అస్థికలు తెచ్చి పిచ్ మీద చల్లడం ఎక్కువైపోయి, గడ్డి పాడవుతోందని 2006లో వాళ్లకీ విడిగా శ్మశానం వచ్చింది. మనకి అస్థికలంటే పున్నమి ఘాట్, దుర్గా ఘాట్ ఉన్నాయి, వాళ్లకి పెనాల్టీ బాక్స్ ఉంది. లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ 1981లో పోతే ఆయన చితాభస్మం కలిసింది కూడా వాళ్ల స్టేడియం ఆన్‌ఫీల్డ్ గడ్డిలోనే, అభిమానులు నిలబడే కాప్ స్టాండ్ వైపు గోల్ దగ్గర.

లివర్‌పూల్ అంటే హిల్స్‌బరో, తొక్కిసలాటలో ఆ క్లబ్బు అభిమానులు పోయిన స్టేడియం. 1989 ఏప్రిల్ 15న ఏం జరిగింది, పోలీసులు ఏం దాచారు, 27 ఏళ్లకి జ్యూరీ ఏం చెప్పింది, అది మనవాళ్లలో మ్యాచ్ చూసే ప్రతివాడికీ తెలిసిన కథే. నాకు కావలసింది ఏప్రిల్ 16. ఆ ఆదివారం క్లబ్బు చేసిన పని ఒక్కటే, గేట్లు తెరిచింది. జనం వచ్చి పూలు పెట్టారు, కండువాలు కాప్ స్టాండ్ కడ్డీలకి కట్టారు, కొన్ని రోజుల్లో పూలు గోల్ దగ్గర నుంచి సగం పిచ్ దాకా పరుచుకున్నాయి. ఇది మ్యాచ్ ఆడే చోటు, శోకానికి వేరే చోటు చూసుకోండి అని గేటు దగ్గర ఎవరూ అనలేదు. ఇంకొకటి కూడా చూడాలి. స్మారక ఫలకం మీద పేర్లు 96 దగ్గర ఏళ్ల తరబడి ఆగాయి. ఆ రోజు దెబ్బతిని మంచాన పడ్డ ఆండ్రూ డివైన్ 32 ఏళ్ల తర్వాత, 2021 జులైలో పోతే, ఆయన మరణం కూడా హిల్స్‌బరో వల్లే అని కోరోనర్ తేల్చారు, దాంతో లెక్క 97 అయింది. ఇప్పుడు జెర్సీ మెడ వెనక ఉన్న అంకె అదే. జాబితా క్లోజ్ అయిపోయింది అని ఎవరూ చేతులు దులుపుకోలేదు.

అంత దూరం వద్దు, కోల్‌కతా చూడండి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు పోయారు. వాళ్లలో ఏ ఒక్కరూ ప్లేయర్ కాదు, టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు. ఆ తేదీన ఇప్పటికీ అక్కడ రక్తదాన శిబిరాలు పెడతారు, రెండు క్లబ్బుల వాళ్లూ వస్తారు.

ఇంకో చిన్న విషయం, రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నా. 2025 జులై 3న లివర్‌పూల్ ఆటగాడు దియోగో జోటా, తమ్ముడు ఆండ్రే స్పెయిన్‌లో కారు ప్రమాదంలో పోయారు. ఆ సాయంత్రం మా గదిలో అదే గోడ మీద కలర్ ప్రింటవుట్ అతికించి, కింద ఇరవై కొవ్వొత్తులు వెలిగించింది ఇప్పుడు కమిటీలో ఉన్న కుర్రాళ్లే. తర్వాతి వారం, జోటా వేసుకున్న 20 నంబరుని లివర్‌పూల్ శాశ్వతంగా పక్కన పెట్టిందని చెబుతుంటే ఒకడి గొంతు పూడుకుపోయింది. నేనేం వెక్కిరించడం లేదు, నాకూ కళ్లు తడిశాయి. ఆ ప్రింటవుట్ అతికించింది టీ బాబాయ్ ఫోటో కింద ఖాళీ ఉంటే అక్కడ.

కమిటీ వాళ్ల వైపు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. అకాడమీలో ఎనిమిదేళ్ల పిల్లలు చేరుతున్నారు, దండలు వేసిన ముప్పై ముఖాల మధ్య బట్టలు మార్చుకోవాలంటే కొందరు జడుస్తున్నారని తల్లిదండ్రులు కంప్లయింట్ ఇచ్చారట. ఫీజులు కట్టేది వాళ్లే. స్పాన్సర్ పేరు వేయడానికి గోడ కావాలి, ఊళ్లో వేరే చోటికి పోదామంటే మైదానాలేవీ, స్వరాజ్ మైదానంలో 2024 జనవరి నుంచి అంబేడ్కర్ స్మృతివనం, మున్సిపల్ స్టేడియంలో పంద్రాగస్టు దగ్గరకొస్తే షామియానాలు. ఉన్న ఒక్క గదిలోనే అన్నీ సర్దుకోవాలి. ఇవి ఉత్త సాకులు కావు. అయితే సంచిలో వేసేముందు ముప్పై ఫోన్లు చేయడానికి ఎంతసేపు పడుతుంది?

మధ్యేమార్గంగా వాళ్లు చెబుతున్నది టీవీ. గోడకి ఒక టీవీ పెట్టి అందులో ఫోటోలు ఒకటి తర్వాత ఒకటి తిప్పుతాం, వర్ధంతి రోజున ఆయన ఫోటో రోజంతా ఉంచుతాం, ఫ్రేములు కుటుంబాలు వచ్చి తీసుకెళ్లొచ్చు అని. వినడానికి బాగానే ఉంది. నీళ్ల క్యాన్ ఆయన భార్య మొన్న గురువారం వచ్చి సంచిలోంచి తన ఫ్రేమ్ వెతుక్కుంది, మూల అద్దం పగిలింది, తీసుకెళ్లకుండా మళ్లీ కోన్ల పక్కనే నిలబెట్టి వెళ్లింది. టీవీకి సాఫ్ట్ కాపీలు కావాలి. వరదలో పోయిన ఇళ్ల వాళ్ల దగ్గర అవి లేవు, ఉన్నవల్లా ఆ సంచిలో ఉన్నవే. స్కాన్ చేయడానికి ఫోటోకి ముప్పై రూపాయలు అడిగారట, అది క్లబ్బు కట్టాలా కుటుంబాలు కట్టాలా అన్న దగ్గర మీటింగ్ ఆగింది. వచ్చే ఆదివారం ప్రాక్టీసు అయ్యాక మళ్లీ కూర్చుంటారు.