బిర్యానీ వండినా థ్యాంక్స్‌గివింగేనా?

బుజ్జితల్లికీ, చిన్నాకీ తాతయ్య ముద్దులు.

మొన్న ఆదివారం మీరు అమెరికా నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌ని అమ్మమ్మ నాలుగుసార్లు పెట్టించుకుని వింది. "తాతయ్యా, మా క్లాసులో అందరూ టర్కీ కోడి తింటారు. అమ్మేమో ప్రతిసారీ బిర్యానీ వండుతుంది. బిర్యానీ తింటే అది థ్యాంక్స్‌గివింగ్ అవుతుందా?" అని బుజ్జితల్లి అడిగింది. వెనక నుంచి చిన్నా, "ఇండియాలో థ్యాంక్స్‌గివింగ్ లేదుగా, తాతయ్యకెలా తెలుస్తుంది?" అన్నాడు. రెండూ మంచి ప్రశ్నలే. ఫోన్లో మొదలుపెడితే మీకు స్కూలు టైమో, మాకు నిద్ర టైమో అయి సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపిస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది. అయిపోయేదాకా లేవకండి.

ముందు బిర్యానీ సంగతి. నవంబరు నాలుగో గురువారం మీరు చేసుకునే థ్యాంక్స్‌గివింగ్, అంటే దేవుడికి కృతజ్ఞత చెప్పే పండుగ, ఎలా మొదలైందో చెబుతాను. 1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండు నుంచి మీ దేశం వచ్చారు. తమ మనసుకి తోచిన తీరులో దేవుణ్ణి ఆరాధించుకోవాలని బయలుదేరినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. దిగేసరికి చలికాలం. ఇళ్లు లేవు, సరైన తిండి లేదు, పైగా జబ్బులు. చలి తగ్గేసరికి దాదాపు సగంమంది పోయారు. రేపు పొద్దున మీ స్కూలు బస్సు ఎక్కినప్పుడు సీట్లు లెక్కపెట్టి, అందులో సగం ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో అనుకోండి. అలా ఉంది వాళ్ల పరిస్థితి. మిగిలినవాళ్లని ఆదుకున్నది అక్కడి వాంపనోఆగ్ తెగ. టిస్క్వాంటమ్ అనే ఆయన మొక్కజొన్న విత్తనాలతోపాటు చేపల్ని కూడా పాతిపెట్టమని, అప్పుడు నేలకి బలం వస్తుందని నేర్పాడు. 1621లో పంట చేతికొచ్చింది. మూడు రోజులు విందు చేసుకున్నారు. తెగ పెద్ద మసాసోయిట్ 90 మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లే ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. ఆ విందులో కూర్చున్న ఒకాయన రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అందులో జింకల మాట ఉంది, పిట్టల మాట ఉంది. టర్కీ అన్న మాట మాత్రం లేదు.

కాబట్టి ఆ ఏడు దేవుడు ఏమిస్తే అదే వండుకున్నారు తల్లీ. మీ అమ్మకి దేవుడు బాస్మతి బియ్యం, కోడి, పుదీనా, మంచి చేతివాటం ఇచ్చాడు. నిశ్చింతగా బిర్యానీ తినండి.

ఇంకొక మాట కూడా మీకు తెలియాలి. అన్నం పెట్టిన ఆ వాంపనోఆగ్ వాళ్ల భూములు తర్వాత కాలంలో పోయాయి. వాళ్ల వారసులు, ఇతర తెగలవాళ్లు 1970 నుంచి అదే గురువారం నాడు, ఆ ఓడవాళ్లు స్థిరపడిన ప్లిమత్‌ ఊళ్లో చేరి సంతాప దినం పాటిస్తున్నారు. దేవుడికి స్తోత్రం చెప్పి, ఆయన ఎవరి చేత్తో అన్నం పెట్టించాడో ఆ మనిషిని మర్చిపోతే అది సగం స్తోత్రమే. మీ పక్కింటి ముసలావిడ గుర్తుందా? మేము అక్కడికి వచ్చిన ఏడు, మెట్ల మీద మంచు గడ్డకట్టి నేను జారబోతే, ఆవిడే చిన్న బకెట్టుతో ఉప్పు తెచ్చి మెట్టు మెట్టుకీ చల్లింది. ఉప్పుతో మంచు కరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఈసారి బిర్యానీ గిన్నె మూత తీయగానే మొదటి ప్లేటు ఆవిడకి వెళ్లాలి. బుజ్జితల్లి పట్టుకెళ్లాలి. కారం తక్కువ వేయమని అమ్మకి ముందే చెప్పండి.

ఇక చిన్నా అడిగింది. మాకూ ఉందిరా నాన్నా. మేం దాన్ని కోత పండుగ అంటాం. పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం చూసి మా గుడిలో, అంటే చర్చిలో, చేసేవాళ్లు. వరి కంకులు జడలా అల్లి ప్రసంగ పీఠానికి వేలాడదీసేవాళ్లు. ఎవరి చేతిలో ఏముంటే అది తెచ్చేవాళ్లు. అరటి గెల, గుమ్మడికాయ, కొబ్బరికాయలు, తట్టలో గుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కోళ్లు అరిచేవి. ఆరాధన అయ్యాక వేలం. ఒక గుమ్మడికాయని మా నాన్న పాడుకుని, డబ్బు కట్టి, మళ్లీ దేవుడికే ఇచ్చేసేవాడు. దాన్ని ఇంకొకరు పాడేవాళ్లు. ఒక్క గుమ్మడికాయ నాలుగు చేతులు మారి మళ్లీ బల్ల మీదికే వచ్చేది. మా పిల్లలందరికీ ఆ రోజు సంబరం.

అయితే నాకు బాగా గుర్తున్న కోత పండుగలో కోత లేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. 1977 నవంబరు 19, శనివారం. మాది రేపల్లె దగ్గర పల్లె. కృష్ణ ఇవతలి ఒడ్డు మాది, అవతలి ఒడ్డు దివిసీమ. ఆ రోజు ఉప్పెన వచ్చింది. దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. ఆ ఉప్పెనలో మొత్తం మీద సుమారు 10,000 మంది పోయారని లెక్క. మావైపు గాలీ వానా. మా తాటాకిల్లు కళ్లముందే లేచిపోతే, నాన్న నన్నూ చెల్లెల్నీ చెరో చంకలో ఇరికించుకుని గుడికి పరుగెత్తాడు. మా వాడలో గట్టి గోడలున్నది దానికొక్కదానికే. రాత్రంతా అందరం అక్కడే, తడిబట్టలతో, చీకట్లో. పెద్దవాళ్లు పాటలు పాడుతూనే ఉన్నారు. గాలి హోరులో మాట వినపడేది కాదు, రాగం మాత్రం తెలిసేది. తెల్లవారి ఆదివారం, అయినా ఎవరూ గంట కొట్టలేదు. ఊరు ఊరంతా లోపలే ఉంది కదా. బయటికి వచ్చి చూస్తే, కోతకొచ్చిన వరి మొత్తం నీళ్లలో పడుకుని ఉంది. కొన్ని రోజులకి గింజలు కంకి మీదే మొలకెత్తాయి. పచ్చగా, చూడ్డానికి ఎంతో అందంగా. దాన్ని చూసి నాన్న ఏడ్చాడు.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి. మీ అమ్మకి నాయనమ్మ. ఆవిడ రోజూ వంటకి బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. అది దేవుడి పిడికెడు. నెలాఖరుకి కుండ గుడికి వెళ్లేది. మా వాడలో ఆడవాళ్లందరూ అలాగే చేసేవాళ్లు. ఉప్పెన తర్వాత సాయం కింద ఇచ్చిన బియ్యంతో రోజులు గడుస్తున్నాయి. ఆ బియ్యంలోంచి కూడా పిడికెడు తీసి కుండలో వేసింది. నాకు ఒళ్లు మండింది. కడుపు నిండక పోట్లాడాను. "మనకే లేవు, దేవుడికెందుకమ్మా?" అన్నాను. అమ్మ చేట కింద పెట్టలేదు, కోప్పడలేదు. "వండి తిన్నాక ఇస్తే మిగిలింది పెట్టినట్టురా. వండకముందు తీస్తే ఇచ్చినట్టు" అంది. అని పొయ్యి ఊదుకుంది.

ఆ ఏడు కోత పండుగ వద్దన్నారు మగవాళ్లు. ఏం పెట్టుకుని చేస్తాం అన్నారు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఆదివారం ఒక్కొక్కరూ తమ కుండ తెచ్చి గుడి నడిమధ్యన చాప మీద పోశారు. పిడికెడు పిడికెడుగా చేరిన బియ్యం చిన్న గుట్ట అయింది. పాస్టరుగారు వేలం వెయ్యలేదు. పెద్ద గుండిగ తెప్పించి అక్కడే వండించారు. ఊళ్లో ఎవరు ఆకలితో ఉంటే వాళ్లందరినీ పిలవమన్నారు. మా వాడ, పక్క వాడ, ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, వచ్చి వరసగా కూర్చున్నారు. వేడన్నం, చింతపండు చారు. ఇంకేం లేదు. ఇంత వయసొచ్చింది, అంత రుచైన భోజనం నేను మళ్లీ తినలేదు. ఓడలో వచ్చి సగంమందిని పోగొట్టుకున్నవాళ్లు విందు ఎందుకు చేసుకున్నారో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు తీసి పెట్టడం అంటే ఏమిటో మీకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే పెరుగు గుర్తుకొచ్చింది. మీ ఇంట్లో రోజూ జరిగేదే. గిన్నెలో పెరుగంతా ఊడ్చి తినేస్తే రేపటికి తోడు ఉండదు. అందుకే అమ్మ ముందే ఒక చెంచా పెరుగు చిన్న కప్పులో తీసి పెడుతుంది. ఆ చెంచాడే రేపటి గిన్నెడు పెరుగవుతుంది. మా అమ్మ పిడికెడు బియ్యం కూడా అలాంటిదే, ఇంటికి తోడు. మీ అమ్మ పెన్సిల్వేనియా వెళ్లిన మొదటి చలికాలంలో పెరుగు తోడుకోలేదు. వంటిల్లు చల్లగా ఉండి, పాలు పాలలాగే ఉండిపోయేవి. ఫోన్ చేసి, "ఇక్కడ పండుగ పండుగలా లేదు, పెరుగు పెరుగులా లేదు" అని ఏడ్చింది. తర్వాత ఒక తెలుగు అక్క స్టీలు గిన్నెలో కొంచెం తోడిచ్చి, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి, ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెయ్యకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచమంది. తెల్లారేసరికి గడ్డ పెరుగు. పాలు ఆ దేశానివి, తోడు మనది. చలి దేశంలో తోడు పనిచెయ్యదని కాదు, దానికి కాస్త వెచ్చదనం చూపించాలి, అంతే.

ఆ వెచ్చదనం ఏమిటంటారా? శనివారం రాత్రి అమ్మ మీ బట్టలు తీసి పెట్టడం. ఆదివారం మధ్యాహ్నం, అక్కడివాళ్ల ఆరాధన అయ్యాక, అద్దెకి తీసుకున్న ఆ చర్చి హాల్లో మన తెలుగువాళ్లు పదిహేను కుటుంబాలు చేరి తాళాలతో పాడుకోవడం. పట్టులంగా మీద లావుపాటి కోటు వేసుకుని బుజ్జితల్లి వాక్యం అప్పజెప్పడం. గుంటూరులో కొని, మడత పెట్టి, సూట్‌కేసులో చీరల మధ్యన పెట్టి తెచ్చిన కాగితం నక్షత్రాన్ని నాన్న బాల్కనీలో వేలాడదీయడం. మా ఊళ్లో అయితే డిసెంబరు మొదలవగానే వెదురు గడలకి నక్షత్రాలు లేస్తాయి, రాత్రిళ్లు డోలక్కుతో ఇంటింటికీ పాటలు పాడుతూ వస్తారు, అర్ధరాత్రి కజ్జికాయలూ టీ ఇవ్వాలి. మీ వీధిలో 25న ఎవరూ బయట కనిపించరు. దానికి బెంగపడకండి.

ఎందుకంటే ఈ తోడు ప్రయాణం చెయ్యడం మొదటిసారి కాదు. 1842లో హెయ్యర్ అనే పాస్టరుగారిని పెన్సిల్వేనియా లూథరన్ క్రైస్తవ సంఘం వాళ్లు గుంటూరు పంపించారు. అవును, మీ పెన్సిల్వేనియానే! పుట్టింది జర్మనీలో, బతికింది అమెరికాలో, జూలై నెలాఖరున దిగింది గుంటూరులో. ఆ ఏడు ఆయన క్రిస్మస్ అయినవాళ్లెవరూ లేని పరాయి దేశంలోనే కదా. ఆయనకి మన భాష రాదు, మన ఎండ అలవాటు లేదు. అక్కడి నుంచి వచ్చిన చెంచాడు తోడు మన పాలలో పడింది. మన పాటలతో, మన డోలక్కుతో, మా అమ్మ పిడికెడు బియ్యంతో మన ఇంటి పెరుగయింది. ఇప్పుడు మీ అమ్మ ఆ తోడు తీసుకుని మళ్లీ పెన్సిల్వేనియాకే వెళ్లింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

క్రిస్మస్‌కి ఏసయ్యకి ఉన్న ఒక పేరు చదువుతారు, ఇమ్మానుయేలు. మన తెలుగు బైబిల్లో దాని అర్థం కూడా రాసి ఉంది, దేవుడు మనకు తోడు అని. చూశారా, అదే మాట. మీ ఇంగ్లీషులో పెరుగుకి వేసే తోడుకి ఒక మాట, మనిషికి ఉండే తోడుకి ఇంకో మాట. మన భాషలో రెండూ ఒకటే. ఎందుకు ఒకటయ్యాయో నేను చెప్పలేను. ఇన్నేళ్లూ రోజూ పెరుగన్నం తిని, మీకు ఈ ఉత్తరం రాస్తుంటేనే ఈ మాట నాకు తట్టింది.

పాలు పెరుగెలా అవుతాయో, అందులో ఏ సూక్ష్మజీవులు పనిచేస్తాయో మీ సైన్స్ టీచర్ నాకంటే బాగా చెబుతారు. శ్రద్ధగా వినండి. నేను మీకు ఒక పని మాత్రం చెబుతాను. గురువారం బిర్యానీలోకి రైతా కావాలి కదా, బుధవారం రాత్రి అమ్మ పాలు తోడుపెట్టేటప్పుడు మీ ఇద్దరూ పక్కన నిలబడండి. పాలలో వేలు ముంచి వేడి చూడనివ్వమని అడగండి. చెంచా తోడు చిన్నా వెయ్యాలి, బుజ్జితల్లి కలపాలి. ఓవెన్ లైటు వేసి, ప్రార్థన చేసుకుని పడుకోండి. రాత్రి లేచి చూడకండి, గిన్నె కదిలితే పెరుగు విరుగుతుంది. పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, మెల్లగా మూత తీసి గిన్నెని ఒక పక్కకి కొంచెం వంచండి. ఏం కనిపించిందో నాకు ఫోన్ చేసి చెప్పండి. అప్పుడు మాకు సాయంత్రం అవుతుంది, మేలుకునే ఉంటాను.

మీ తాతయ్య,
రేపల్లె