మందుకు లొంగని క్రిములు: ఆసుపత్రుల్లో లెక్క ఎలా మొదలైంది?

2010 ఆగస్టులో ఒక పేరు గురించి దేశమంతా రభస జరిగింది. ఆ పేరు 'న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్', పొట్టిగా ఎన్‌డీఎం-1. ఏ మందూ పనిచేయనప్పుడు వాడదామని దాచుకునే కార్బపెనెమ్ యాంటీబయోటిక్స్‌ని కూడా పనికిరాకుండా చేసే, క్రిములు తయారుచేసుకునే ఎంజైమ్ ఇది. ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి దగ్గర 2008లో మొదటిసారి బయటపడింది. చెన్నై, హర్యానా, బ్రిటన్ రోగుల్లోనూ ఉందని 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చేసరికి ఇక్కడ కోపం కట్టలు తెంచుకుంది. మన రాజధాని పేరు రోగానికి పెడతారా, ఇది మెడికల్ టూరిజం మీద కుట్ర కాదా అని పార్లమెంటులోనూ ప్రశ్నలు లేచాయి. ఊరి పేరు పెట్టడం తప్పేనని ఆ తర్వాత లాన్సెట్ సంపాదకుడు క్షమాపణ కూడా చెప్పారు.

ఈ గోలలో ఎవరికీ పట్టని సంగతి ఒకటుంది. అదే ఏడాది మార్చిలో, అంటే విదేశీ పత్రిక కంటే నెలల ముందే, ముంబై వైద్యులు మన దేశపు వైద్య పత్రికలోనే ఈ విషయం రాశారు. కార్బపెనెమ్‌కు లొంగని 24 నమూనాలు తీసి చూస్తే 22లో ఎన్‌డీఎం-1 ఉంది. దాని మీద మాత్రం ఎవరూ గొంతెత్తలేదు. మన డాక్టర్లు చెబితే వార్త కాదు, బయటివాళ్లు అంటే అవమానం!

ఏమైతేనేం, ఆ అవమానమే పని చేయించింది. మందుకు లొంగని క్రిముల అదుపు మీద జాతీయ విధానం 2011లో వచ్చింది. రోగం వచ్చిన ప్రతివాడికీ మందు రాసే దేశంలో ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో చెప్పే జాతీయ లెక్క అప్పటిదాకా లేదు. 2013లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్దాసుపత్రుల ల్యాబ్‌లను కలిపి నిఘా నెట్‌వర్క్ మొదలుపెట్టింది. తర్వాత అందులో హైదరాబాద్ నిమ్స్ కూడా చేరింది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం కింద ప్రభుత్వ వైద్య కళాశాలల ల్యాబ్‌లతో ఇంకో నెట్‌వర్క్ నడుస్తోంది.

ఈ లెక్కంతా పుట్టేది అరచేతిలో పట్టే ఒక ప్లేటులో. రోగి రక్తమో మూత్రమో చీమో తెచ్చి, అందులోని క్రిమిని ముందు విడిగా పెంచుతారు. తర్వాత దాన్ని జెల్లీ లాంటి పదార్థం మీద పలచగా పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మర్నాడు బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తే ఆ మందు పనిచేస్తున్నట్టు. వలయం ఎంత వెడల్పుందో స్కేలుతో కొలుస్తారు. బిళ్లను ఆనుకుని మరీ క్రిమి పెరిగిందంటే ఆ మందు దండగ. నమూనా ఇచ్చినప్పటి నుంచి రిపోర్టు చేతికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఐసీయూలో ఉన్న మనిషికి అన్ని రోజులు ఆగే వీలు ఉండదు కాబట్టి డాక్టరు అంచనా మీద మందు మొదలుపెడతారు. తమ ఆసుపత్రి పాత లెక్కలు ఎదురుగా ఉంటే ఆ అంచనా కుదురుతుంది. లేకపోతే చీకట్లో రాయి వేయడమే.

ప్లేట్లన్నీ కలిపి చూస్తే వచ్చిన ఫలితం భయపెట్టేదే. ఐసీఎంఆర్ నెట్‌వర్క్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియా అనే క్రిమి నమూనాల్లో, కార్బపెనెమ్ మందుల్లో ఒకటైన ఇమిపెనెమ్‌కు లొంగినవి 2016లో 65 శాతం. 2021 వచ్చేసరికి అవి 43 శాతానికి పడిపోయాయి. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చే ఈ.కోలై విషయంలో 86 నుంచి 64కి దిగింది.

అదుపు సంగతి చూద్దాం. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలోని మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు విడి రిజిస్టర్‌లో రాయాలి. ఎంతమంది రాస్తున్నారో మీ వీధి మెడికల్ షాపులో అడిగి చూడండి. ప్రభుత్వాసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసి బహుమతులిచ్చే కాయకల్ప్ 2015లో వచ్చింది. వార్డులో చేతులు కడుక్కునే అలవాటు, క్యాథెటర్ (ఒంట్లోకి పెట్టే గొట్టం) ఎన్ని రోజులు ఉంచారన్న పట్టింపు కొత్త మందు కంటే చవక. కానీ ఒక్క నర్సు మీద డజన్ల కొద్దీ మంచాలు పడ్డ చోట ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య చేతులు కడిగే తీరిక ఏది?

మన తెలుగు నేల పేరు కూడా ఈ చరిత్రలో ఉంది. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఇలాంటి వ్యర్థాల్లో యాంటీబయోటిక్ ఎంత ఉండొచ్చో పరిమితి పెడుతూ 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. రాష్ట్రాల్లో ముందుగా కదిలింది కేరళ. 2018లోనే సొంత ప్రణాళిక తెచ్చుకుంది, రాష్ట్రం మొత్తానికీ లెక్క కట్టి బయటపెడుతోంది. మిగతా చోట్ల లెక్క చాలావరకు బోధనాసుపత్రుల గడప దాటలేదు. అక్కడికి చేరేది ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సూది, జిల్లా కేంద్రంలో మార్చి మార్చి రాసిన మందులు అన్నీ అయ్యాక వచ్చిన రోగి. అందుకే ఆ శాతాలను ఊరందరికీ వర్తింపజేయొద్దని ఐసీఎంఆరే చెబుతుంది. ఇలా క్రిమిని పెంచి చూసే కల్చర్ టెస్ట్ సౌకర్యం లేని ఏరియా ఆసుపత్రిలో ఏ క్రిమి తిరుగుతోందో ఏ నివేదికలోనూ కనపడదు, ఎందుకంటే అక్కడి నుంచి ప్లేటు దాకా నమూనా రాలేదు.