‘ఫోన్లో చెప్పేశాంగా’ అంటే చెల్లదు: ఇల్లు ఖాళీ నోటీసుపై అపోహలు, వాస్తవాలు

"పోయిన నెలే వాట్సాప్‌లో పెట్టాం, చూశారు కూడా. మళ్లీ నోటీసెందుకండీ?" ఇంటివాళ్లూ ఇదే అంటారు, అద్దెకున్నవాళ్లూ ఇదే అంటారు. ఇద్దరూ ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. ఇచ్చేవారో, వారి తరఫువారో సంతకం పెట్టాలి. దాన్ని పోస్టులో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లో ఉన్న కుటుంబసభ్యులకు ఇవ్వవచ్చు. అవేవీ కుదరకపోతే ఇంటికి కొట్టొచ్చినట్టు కనబడేచోట అంటించాలి. పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంటు, సంతకం చేసిన నకలు మూడూ భద్రంగా దాచుకోండి.

గడువు లెక్కలోనూ పొరపాట్లు జరుగుతాయి. కాగితం మీది తేదీ నుంచి కాదు, నోటీసు అందిన రోజు నుంచి లెక్కపెట్టాలి. 3న పంపింది 7న అందితే, 15 రోజులు 22తో పూర్తవుతాయి. ఈ 15 రోజులు నెలవారీ అద్దెకు, అదీ ఒప్పందంలో వేరే గడువు లేనప్పుడే. నెల రోజులని రాసుకుంటే నెల రోజులే. గడువు నెలాఖరుతో ముగియాలన్న పాత నియమం 2002 సవరణతో పోయింది, ఇప్పటికీ దానికోసం కంగారుపడేవాళ్లున్నారు.

రాసే మాట మరీ ముఖ్యం. "బకాయి కట్టకపోతే ఖాళీ చేయాల్సి వస్తుంది" అన్నది బెదిరింపే, నోటీసు కాదు. "ఈ నోటీసు అందిన 15 రోజులు గడిచాక మీ అద్దె హక్కు ముగుస్తుంది, ఇల్లు స్వాధీనం చేయండి" అని తేల్చి రాయాలి, ఇంటి నంబరుతో సహా. గడువు దాటాక వచ్చే అద్దెను మామూలుగా పుచ్చుకుంటే నోటీసు వదులుకున్నారన్న వాదన వస్తుంది (అదే చట్టం 113వ సెక్షన్). తీసుకోక తప్పకపోతే "వాడుకున్నందుకు పరిహారంగా, హక్కులకు భంగం లేకుండా" అని రసీదులో రాయండి.

కవరు తీసుకోకపోతే నోటీసు చెల్లదా? సరైన చిరునామాకు పంపినదాన్ని నిరాకరిస్తే అందినట్టే లెక్క. 11 నెలల అద్దె ఒప్పందం గడువు దాటగానే ఇల్లు దానంతటదే ఖాళీ అవుతుందా? గడువు తర్వాతా అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా మారుతుంది, మళ్లీ నోటీసు కావాలి. అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో మాత్రం నోటీసుతోనే పని జరగదు, ఆ చట్టంలోని కారణాన్ని రుజువు చేయాల్సిందే. అక్కడ 106వ సెక్షన్ నోటీసు తప్పనిసరి కాదని 1979లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసు అందుకుని నిద్రపట్టనివాళ్లకు ఒక మాట. 16వ రోజున ఎవరూ మీ సామాను బయట పడేయలేరు. ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్లాలి. బలవంతంగా తాళం వేస్తే, ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చు. అద్దె కట్టిన రసీదులు, బ్యాంకు లావాదేవీల వివరాలు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి.