సొంత ప్రభుత్వ బిల్లును దిద్దిన కమిటీ

బిల్లును జేపీసీకి, అంటే ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపుతామని ప్రభుత్వం ఒప్పుకుంటే ప్రతిపక్షం గెలిచినట్టే లెక్కేసేవాళ్లు. ఇప్పుడు కథ తిరగబడింది. ప్రభుత్వం తానే పంపుతానంటోంది, ప్రతిపక్షంలో కొందరు మేం రామంటున్నారు. ముప్పై రోజులు కస్టడీలో ఉంటే ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రుల పదవి పోయేలా 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు విషయంలో జరిగింది ఇదే. తృణమూల్, సమాజ్‌వాదీ, ఆప్ కమిటీకి దూరంగా ఉంటామన్నాయి. కమిటీ వేసినా రాకపోతే ఇంకేం చేయాలన్నది అధికార పక్షం మాట.

1993లో శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు ఎలా పుట్టాయో పాఠ్యపుస్తకాల్లోనే ఉంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. టీవీ చర్చల్లో తరచూ కలగాపులగమయ్యే తేడా ఒకటి మాత్రం చెప్పుకోవాలి. స్టాండింగ్ కమిటీ బిల్లు చదివి సలహా మాత్రమే ఇస్తుంది, తీసుకోవడం తీసుకోకపోవడం ప్రభుత్వం ఇష్టం. ఒక బిల్లు కోసమే వేసే సెలెక్ట్ కమిటీ, సంయుక్త కమిటీ అలా కాదు. అవి క్లాజు తర్వాత క్లాజు తీసి, సవరణల మీద ఓటింగ్ పెట్టి, బిల్లు పాఠాన్నే మార్చి సభకు తిరిగి పంపగలవు. కమిటీలో మంత్రి హోదాకు ఓటు బలమేమీ పెరగదు. కెమెరాలు ఉండవు. సభలో ఓటు కాదు కాబట్టి విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ధిక్కరించారని సభ్యత్వం పోయే భయమూ ఉండదు.

ఈ స్వేచ్ఛ ఎంతవరకు వెళ్తుందో ప్రభుత్వానికి తెలిసొచ్చిన రోజు 2015 ఆగస్టు 3. నా దృష్టిలో ఇవాళ్టి గొడవకు మూలం అక్కడుంది.

భూసేకరణ చట్టం అప్పటికి రెండేళ్లది కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన అప్పటి గ్రామీణాభివృద్ధి మంత్రి జైరాం రమేశ్ 2011 సెప్టెంబరులో ఆ బిల్లు తెచ్చారు. అది గ్రామీణాభివృద్ధి స్టాండింగ్ కమిటీకి వెళ్లింది. చైర్‌పర్సన్ బీజేపీకి చెందిన సుమిత్రా మహాజన్. 2012 మేలో వచ్చిన ఆ కమిటీ నివేదిక బిల్లు కన్నా గట్టిగా ఉంది. ప్రైవేటు కంపెనీల కోసం ప్రభుత్వం భూమి సేకరించనే కూడదని అంది. యూపీఏ అంత దూరం వెళ్లలేదు గానీ, పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) ప్రాజెక్టులకు 70 శాతం, ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి, దానికి తోడు సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది. 2013లో బీజేపీ కూడా ఓటేసింది.

ప్రభుత్వం మారింది. 2014 డిసెంబరు 31న ఆర్డినెన్స్ వచ్చింది. రక్షణ, గ్రామీణ మౌలిక వసతులు, అందుబాటు ధర ఇళ్లు, పారిశ్రామిక కారిడార్లు, పీపీపీతో సహా మౌలిక ప్రాజెక్టులు: ఈ ఐదింటికీ సమ్మతి అక్కర్లేదు, ప్రభావ అంచనా అక్కర్లేదు. 'ప్రైవేటు కంపెనీ' అన్న మాట తీసేసి 'ప్రైవేటు సంస్థ' అని పెట్టారు. చిన్న మాటే అనిపిస్తుంది గానీ, ట్రస్టులకు, ఇతర సంస్థలకు కూడా దానితో తలుపు తెరుచుకుంది. ప్రాజెక్టులు ఆగిపోతున్నాయి, ఉద్యోగాలు రావాలి అన్నది ప్రభుత్వ వాదన. 2015 మార్చి 10న లోక్‌సభ బిల్లును పాస్ చేసింది. రాజ్యసభలో బలం లేదు. ఆర్డినెన్స్‌ను మళ్లీ మళ్లీ జారీ చేస్తూ, చివరికి మే నెలలో బీజేపీ ఎంపీ ఎస్.ఎస్. అహ్లూవాలియా అధ్యక్షతన 30 మందితో సంయుక్త కమిటీ వేశారు. టైం కొనుక్కోవడానికే వేశారని అప్పట్లో చాలామంది అన్నారు.

తర్వాత కమిటీ గది ముందు క్యూ కట్టింది ప్రతిపక్ష సంఘాలే కాదు. భారతీయ కిసాన్ సంఘ్, భారతీయ మజ్దూర్ సంఘ్, స్వదేశీ జాగరణ్ మంచ్ కూడా సమ్మతి క్లాజు తీసేయొద్దన్నాయి. ఆరెస్సెస్ కుటుంబం లోపలి నుంచే వచ్చిన ఈ మాటను రాజకీయం అని కొట్టేయడం కుదరలేదు. బిహార్ ఎన్నికలు కూడా దగ్గర పడ్డాయి. ఆగస్టు 3న కమిటీలోని 11 మంది బీజేపీ సభ్యులు సవరణలు ప్రతిపాదించారు. సమ్మతి మళ్లీ పెట్టాలి. ప్రభావ అంచనా మళ్లీ పెట్టాలి. 'ప్రైవేటు కంపెనీ' అన్న పాత మాటే ఉండాలి. అంటే తమ ప్రభుత్వం తెచ్చిన బిల్లును తామే 2013 నాటికి వెనక్కి నడిపించారు. ప్రతిపక్ష సభ్యులు రాసుకొచ్చిన వాదనలకు పని లేకుండా పోయింది. ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో ప్రధాని ఆర్డినెన్స్‌ను ఇక పొడిగించబోమన్నారు.

ఆ కమిటీ నివేదిక మాత్రం రానే లేదు. గడువు మీద గడువు పొడిగించుకుంటూ పోయారు. 16వ లోక్‌సభ ముగియడంతో 2019లో బిల్లు మురిగిపోయింది.

ముందు గుమ్మం మూసుకుంటే పెరటి గుమ్మం తెరిచారు. 2015 జులైలో నీతి ఆయోగ్ పాలక మండలి భేటీ తర్వాత ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ, ఏకాభిప్రాయం రాకపోతే రాష్ట్రాలే సొంత చట్టాలు చేసుకోనివ్వాలని చాలామంది ముఖ్యమంత్రులు అన్నారని చెప్పారు. అదే నెల 30న తెలంగాణలో జీవో 123 వచ్చింది. భూసేకరణ చట్టం దారిలో కాకుండా రైతుల దగ్గర నేరుగా కొనుక్కునే ఏర్పాటు అది. మల్లన్నసాగర్ రిజర్వాయర్ ముంపు ఊళ్లలో ఆ జీవో నంబరు తెలియని మనిషి లేడు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. ఆ డిసెంబరులో అసెంబ్లీ 2013 చట్టానికి రాష్ట్ర సవరణ పాస్ చేసింది, రాష్ట్రపతి ఆమోదమూ దొరికింది. అందులో కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపులిచ్చే 10ఎ సెక్షన్ చదివితే 2014 ఆర్డినెన్స్ గుర్తొస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే పని చేసింది. కేరళలో బిల్లులు సబ్జెక్టు కమిటీల ముందుకు వెళ్లడం ఆనవాయితీ. మన రెండు అసెంబ్లీల్లో ఆ అలవాటు లేదు. ఢిల్లీలో ఒక గదిలో ఆగిన సరుకు ఇక్కడ ఏ గదిలోనూ ఆగలేదు.

ఢిల్లీ కూడా పాఠం నేర్చుకుంది. చట్టసభల పనితీరును గమనించే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 16వ లోక్‌సభలో అది పావు వంతు దగ్గరికి, 17వ దానిలో 16 శాతానికి పడింది. 2020 సెప్టెంబరులో సాగు బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానాన్ని రాజ్యసభలో మూజువాణి ఓటుతో తోసేశారు. ఏడాది తిరిగాక ఆ చట్టాలే రద్దయ్యాయి. కాంగ్రెస్ చేతులు కూడా శుభ్రంగా లేవు. 2014 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఏ కమిటీకీ పంపకుండానే గట్టెక్కించారు, ప్రత్యేక హోదా చట్టంలోకి ఎక్కక రాజ్యసభలో ప్రధాని నోటి మాటగా మిగిలింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను ఆంధ్రప్రదేశ్ శాసనమండలి చైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపితే ఆ కమిటీ ఏర్పడనే లేదు, అయిదు రోజుల్లో మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది.

2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు జగదాంబికా పాల్ అధ్యక్షతన జేపీసీకి వెళ్లేసరికి లెక్క ముందే తేలిపోయింది. 2025 జనవరి 27న క్లాజుల ఓటింగ్ జరిగితే అధికార కూటమి సవరణలు 14 నెగ్గాయి, ప్రతిపక్షం ఇచ్చిన 44 ఓడాయి. ఓట్లు 16, 10. అప్పటికే రిజిస్టరైన ఆస్తుల జోలికి వెళ్లొద్దన్న మార్పు తమ వల్లే వచ్చిందని టీడీపీ చెప్పుకుంది. కూటమిలో ఉన్నవాడి మాటకే ఆ గదిలో చోటు దొరికింది. అసమ్మతి నోట్లలో కొన్ని భాగాలు తీసేశారని గొడవ జరిగితే గానీ వాటిని తిరిగి చేర్చలేదు.

130వ సవరణకు మాత్రం ఈ లెక్క చాలదు. కమిటీలో మామూలు మెజారిటీ సరిపోతుంది. సభలో రాజ్యాంగ సవరణకు హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతుల మంది కావాలి. లోక్‌సభలో 543 మందీ వస్తే అది 362. 2024 ఎన్నికల్లో ఎన్డీయే గెలిచింది 293. ఇక కమిటీలో చేరని పార్టీల అసమ్మతి నోటు మాత్రం నివేదికలో ఉండదు.