పొదలకూరు నిమ్మకాయ, సైకిలు టైరులో గాలి

"అన్నా, వారమంతా కావలి టౌనులో తిరగాల, ఆదివారం తుమ్మలపెంట సముద్రం ఒడ్డున తొక్కాల. నా గేరు సైకిలుకి ముందు షాకబ్జార్లు వేయించేదా, డిస్కు బ్రేకులా?" అని ఒక కుర్రాడు అడిగాడు. రెండూ తర్వాత, ముందు గాలి సంగతి చూడమన్నాను. వాడికి నచ్చలేదు. డబ్బులు పెట్టని మార్పు మార్పే కాదని వాడి లెక్క.

కొత్త సైకిలు కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం గదా. దిష్టి పోతుందని నేను నమ్మను గానీ, ఆ పొదలకూరు కాయ చితికే ముందు టైరు ఎంత లోపలికి నొక్కుకుంటుందో వంగి చూడండి. గాలి బిగించిన టైరు సైకిలునీ మనిషినీ కలిపి పైకెత్తుతుంది. గాలి తగ్గించిన టైరు కాయ చుట్టూ తనే సర్దుకుంటుంది. బెల్‌ఫాస్టులో పశువైద్యుడు డన్లప్ 1888లో కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు బిగించింది ఈ సుఖం కోసమే.

ఇప్పుడు లెక్క. మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలైతే, వెనక చక్రం మీద సుమారు 45 పడతాయి. టైరులో గాలి 60 పీఎస్‌ఐ (గాలి పీడనానికి కొలత) అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 4.2 కిలోలు. 45ని 4.2తో భాగిస్తే 11 చదరపు సెంటీమీటర్లు కూడా రాదు. అంటే టైరు నేలను తాకే మచ్చ అగ్గిపెట్టె కన్నా చిన్నది! గాలి 30కి దించితే మచ్చ రెట్టింపవుతుంది, 21. టైరుకి ముగ్గునీళ్ళు పూసి, సెంటీమీటరు గళ్ళ కాగితం మీద పెట్టి, సీటెక్కి కూర్చుని దిగండి. గళ్ళు లెక్కపెట్టి గాలి పీడనంతో హెచ్చిస్తే చక్రం మీది బరువు వస్తుంది (టైరు గోడల బిరుసు వల్ల కాస్త తేడా ఉంటుంది). పీడనమంటే బలం బై వైశాల్యం అని మా చేత బట్టీ పట్టించిన బళ్ళో సైకిలు స్టాండు కిటికీ పక్కనే ఉండేది.

ఇసుకలో ఆ మచ్చే అంతా. 60తో మైపాడు ఇసుకలో దిగి ముందు చక్రం కూరుకుపోయి బోర్లా పడ్డాను. వల మోసుకుపోతున్న పెద్దాయన "గాలి దించుకో అబ్బయా" అన్నాడు. ఆయన పాదాలు మాత్రం దిగబడటం లేదు. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడినా, పాదం 150 చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకి పడేది 0.4 కిలో, 6 పీఎస్‌ఐ లోపే. 30కి దించిన టైరు కూడా పాదానికి అయిదింతలు గుచ్చుతుందన్నమాట. పొడి ఇసుకలో పోవాలంటే నాలుగంగుళాల లావు టైరు వేసి గాలి 10 లోపుకి దించాలి. మామూలు సైకిలుకి అలలు తడిపిన అంచే దారి. రేణువుల మధ్య నీటిపొర తలతన్యతతో వాటిని పట్టి ఉంచుతుంది. ఇంటికొచ్చి చైను మంచినీళ్ళతో కడిగి, ఆరాక నూనె వేయండి.

తారురోడ్డు కథ వేరు. తిరిగే టైరులో రబ్బరు వంగి మళ్ళీ సాగుతుంది, కానీ తీసుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. గాలి ఎక్కువుంటే వంగడం తక్కువ, నష్టమూ తక్కువ. రోడ్డు గతుకులైతే మాత్రం ఆ మిగులు మన నడుము అదిరి ఖర్చయిపోతుంది. గుబ్బల టైరు తారు మీద మరీ దండగ, ప్రతి గుబ్బా వంగాలి. అందుకని మధ్యలో నున్నగా, అంచుల్లో గుబ్బలతో ఉండే 1.95 అంగుళాల టైరు కొనమన్నాను. టౌనులో 45, మట్టిదారిలో 30. లావుపాటి మనిషైతే ఇంకాస్త. బాగా దించేస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని కొరికి పక్కపక్కనే రెండు చిల్లులు పెడుతుంది.

కొనేటప్పుడు అంగుళాలు నమ్మొద్దు. నల్ల పాత సైకిలు 28 రిమ్ము 635 మిల్లీమీటర్లు, కొత్త 29 రిమ్ము 622. పెద్ద అంకె చిన్న రిమ్ము! గేరు సైకిలు 26 అయితే సాధారణంగా 559. టైరు పక్కన అచ్చేసిన ఈ మూడంకెలే చూడండి.

గేర్ల గురించి ఒకటే మాట. ఉదయగిరి వైపు ఎత్తులు ఎక్కాలంటే వెనక పెద్ద పళ్ళచక్రం 34 పళ్ళది వేయించండి.

ఇక పల్లేరుకాయలు, సర్కారు కంప. పల్లేరు ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. పాత ట్యూబు కోసి టైరు లోపల పరిస్తే చాలా ముళ్ళు ఆగుతాయి. కానీ ఆ అదనపు రబ్బరూ ప్రతి చుట్టుకీ వంగాలి, తారెక్కగానే కాలికి తెలుస్తుంది. నేనైతే వెనక చక్రానికే పరుస్తాను, బరువు పడేది అక్కడ గనక.