లెక్క లేని అడవికి పరిహారం లేదు: యుద్ధం పాడుచేసిన అడవులు, పరిశోధనకు ఆలస్యంగా అందే డబ్బు

2022 ఫిబ్రవరి 9న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం కాంగో, ఉగాండాల మధ్య ఏళ్ల తరబడి నలిగిన కేసులో పరిహారం ఖరారు చేసింది. యుద్ధకాలంలో కాంగోకు కలిగించిన నష్టానికి ఉగాండా 32.5 కోట్ల డాలర్లు కట్టాలి. అందులో 6 కోట్లు బంగారం, వజ్రాలు, కలప వంటి సహజ వనరుల కింద. అడవుల నరికివేతకని కాంగో విడిగా అడిగిన 10 కోట్ల డాలర్లలో మాత్రం ఒక్క డాలరూ రాలేదు. అడవి పోలేదని కోర్టు అనలేదు. ఎంత పోయిందో లెక్కగట్టడానికి తన ముందు ఆధారమేదీ పెట్టలేదంది.

అదే కోర్టు 2018 ఫిబ్రవరి 2న కోస్టారికా, నికరాగువాల తగాదా తేల్చింది. సరిహద్దు చిత్తడి నేలలో నికరాగువా కాలువలు తవ్వినప్పుడు పోయినవి సుమారు 300 చెట్లు, 6.19 హెక్టార్ల పచ్చదనం. ఆ నష్టానికి 1,20,000 డాలర్లు, నేలను బాగుచేసుకోవడానికి మరో 2,708 డాలర్లు ఇప్పించింది. ఒక దేశానికి ఇది చిన్న మొత్తమే. కానీ పర్యావరణ నష్టానికి ఆ కోర్టు పరిహారం ఇప్పించడం అదే మొదటిసారి, అందుకు దారి చూపింది చెట్ల లెక్క. ఖండమంత అడవికి సున్నా, వేళ్లమీద లెక్కపెట్టగల చెట్లకు పరిహారం. యుద్ధంలో దెబ్బతిన్న అడవుల మీద పరిశోధనకు డబ్బెందుకని అడిగేవారికి ముందు చూపించాల్సినవి ఈ రెండు తీర్పులే.

కొలత విలువ ఏమిటో హైదరాబాద్‌కు బాగా తెలుసు. ఈనాటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అప్పటి జాతీయ దూర సంవేదన సంస్థ, 1980ల మొదట్లో ఉపగ్రహ చిత్రాలతో దేశంలోని అడవుల విస్తీర్ణం లెక్కగట్టింది. 1972–75లో 16.89 శాతం, 1980–82లో 14.10 శాతం. ఏడెనిమిదేళ్లలో అంత తరుగుదల చూసి ఢిల్లీ ఉలిక్కిపడింది. అటవీ శాఖల రికార్డుల్లోనేమో దేశంలో అయిదో వంతుకు పైగా నేల అడవిగానే ఉంది. ఆ తర్వాత అటవీ సర్వే సంస్థతో లెక్కలు సరిచూసుకుంటే, 1987లో వచ్చిన మొదటి జాతీయ నివేదికలో అంకె 19 శాతం దాటింది. చిత్రాలు అవే, చదివే పద్ధతి మారింది: ఎంత పలచగా ఉన్నదాన్ని అడవి అనాలి, పటం ఏ స్కేలులో గీయాలి అన్నవి ముందే తేల్చుకోలేదు. యుద్ధభూమిలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ లెక్క తప్పితే అవతలి పక్షం వకీలు దాన్ని పట్టుకుని మొత్తం దావానే కొట్టేయిస్తాడు.

యుద్ధం పాడుచేసిన అడవుల కథ మొదలైంది ఫ్రాన్స్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వెర్దున్ చుట్టుపక్కల, ఉత్తరాన మరికొన్ని చోట్ల కలిపి సుమారు 1,200 చదరపు కిలోమీటర్ల నేలను సాగుకు, నివాసానికి పనికిరాదని ఎర్ర మండలంగా ప్రకటించారు. వెర్దున్‌లో గుంతలు పూడ్చకుండానే అడవి పెంచారు. 1930ల నాటికి అక్కడ నిలబడినవి ఎక్కువగా ఆస్ట్రియన్ నల్ల పైన్ చెట్లు. పేదనేలలో బతుకుతుంది, త్వరగా కమ్ముకుంటుంది కాబట్టి ఆ ఎంపిక అప్పటికి తప్పు కాదు. మట్టిలో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. 1928లో వెర్దున్ దగ్గర ఒకచోట సుమారు 2 లక్షల రసాయన గుండ్లను తగలబెట్టారు. ఆ జాగాలో దశాబ్దాలు గడిచినా గడ్డి సరిగా మొలవలేదు. ఆ మట్టి విశ్లేషణ 2007లో వెలువడింది. కొన్ని నమూనాల్లో బరువులో 17 శాతం దాకా ఆర్సెనిక్ ఉంది. తగలబెట్టడానికీ తెలుసుకోవడానికీ మధ్య దాదాపు 80 ఏళ్లు. యుద్ధం చూసిన చెట్ల కాండాల్లో ఇనుప తునకలు ఇరుక్కుపోవడం ఇంకో బెడద. కోత మిల్లులో రంపం పళ్లు విరుగుతాయి, మిల్లువాళ్లు ఆ దుంగల్ని కొనరు, కొన్నా సగం ధరే ఇస్తారు. అడవిని బాగుచేసే ఖర్చును కలప అమ్మి రాబడదామన్న లెక్క అక్కడే బోల్తాపడుతుంది.

వియత్నాం దగ్గరికి వచ్చేసరికి పరిశోధనకు ఊహించని చోటు నుంచి ఆధారం దొరికింది. 1962 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు 7 కోట్ల లీటర్లకు పైగా కలుపు మందులు చల్లాయి. ఏ విమానం ఏ రోజు ఏ దారిన ఎంత చల్లిందో సైన్యం తన అవసరం కోసం నమోదు చేసుకుంది. ఆ కంప్యూటర్ టేపులే తర్వాత పరిశోధకులకు పునాది అయ్యాయి. 1970లో అమెరికా కాంగ్రెస్ ఆదేశించగా జాతీయ సైన్సు అకాడమీ అధ్యయనం చేసి 1974లో నివేదిక ఇచ్చింది. దక్షిణ వియత్నాం మడ అడవుల్లో మూడో వంతుకు పైగా నాశనమైందని తేల్చింది. 2003లో మరో బృందం అవే రికార్డులను తిరగేసి, చల్లిన మందు పాత అంచనా కంటే 70 లక్షల లీటర్లకు పైగా ఎక్కువని చూపింది. చల్లినవాడి చిట్టా దొరికింది కాబట్టే ఇదంతా. చాలా యుద్ధాల్లో ఆ చిట్టా ఉండదు, ఉన్నా బయటికి రాదు.

అడవి తిరిగి లేవకపోవడానికి కారణం ఆ మందుల్లో కలిసి ఉన్న విషం డయాక్సిన్ అనే అనుకుంటారు అందరూ. మందు గుమ్మరించిన, పీపాలు నిల్వచేసిన విమానాశ్రయాల్లో అది నిజమే. ద నాంగ్‌లో సుమారు 90,000 ఘనమీటర్ల మట్టిని 335 డిగ్రీల వేడికి గురిచేసి శుభ్రం చేయడానికి 2018 దాకా పట్టింది, ఖర్చు దాదాపు 11 కోట్ల డాలర్లు. కొండల మీద అసలు అడ్డంకి గడ్డి. చెట్టు నీడ పోయిన నేలను దర్భ జాతి గడ్డి ఆక్రమిస్తుంది, ఎండాకాలం అంటుకుంటుంది, నాటిన మొలకలన్నీ మాడిపోతాయి, వేరు దుంపల నుంచి గడ్డి మాత్రం మళ్లీ లేస్తుంది. ఆ కొండల్లో స్థానిక జాతులను నేరుగా నాటినప్పుడు జరిగింది ఇదే. ముందు అకేసియా వంటి త్వరగా పెరిగే చెట్లతో గడ్డిని నీడపట్టించి, ఆ నీడలో స్థానిక జాతులు నాటాకే పని సాగింది. ఆ స్థానిక జాతుల్లో చాలావాటిది మన శేషాచలం జాలారి చెట్టు కుటుంబం. వాటి గింజ ఎండితే చచ్చిపోతుంది, వారాలకు మించి నిల్వ ఉండదు. గింజ రాలే కాలంలో మనిషి, వాహనం, నర్సరీ సంచి సిద్ధంగా లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. నిధుల మంజూరు ఉత్తర్వు గింజ రాలిన నెల తర్వాత వస్తే చేయగలిగింది ఏమీ లేదు.

మడ అడవుల దారి వేరు. హో చి మిన్ సిటీ దిగువన కన్ జోలో 1978లో తిరిగి నాటడం మొదలుపెట్టారు. ఉప్పు పొన్న జాతి చెట్లకు కొమ్మ మీదే మొలకెత్తి వేలాడే కాడలను దేశం దక్షిణ కొసనున్న కా మౌ నుంచి తెచ్చి బురదలో గుచ్చారు. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. కోరింగ ప్రాంతంలో పనిచేసినవారికి ఇందులో ఒక సంగతి వెంటనే తడుతుంది: పోటు నీరు వచ్చిపోయే దారి చెడని చోటే కాడ గుచ్చితే చాలు. దారి మూసుకుపోయి ఉప్పు పేరుకున్న చోట గోదావరి మడల్లో చేసినట్టు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీరు ఆడించి, ఆ తర్వాతే నాటాలి.

డబ్బు వరసను సరిగ్గా పెట్టిన ఉదాహరణ ఒకటుంది, అయితే అది అడవులది కాదు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఐక్యరాజ్య సమితి పరిహార సంఘం ఇరాక్ చమురు ఎగుమతుల రాబడిలో వాటా తీసి నష్టాలు చెల్లించింది. పర్యావరణ దావాల్లో మొట్టమొదట, 2001లో, ఆమోదించింది పరిశీలన, అంచనా ఖర్చులనే: సుమారు 24.3 కోట్ల డాలర్లు. ఆ సొమ్ముతో తేలిన లెక్కలే తర్వాతి అసలు దావాలకు రుజువులయ్యాయి. మొత్తం పర్యావరణ పరిహారం చివరికి 526 కోట్ల డాలర్ల దరిదాపుకు చేరింది. అంటే కొలతకు పోయింది ఇరవయ్యో వంతు కంటే తక్కువ. అది లేకుండా మిగతాది వచ్చేది కాదని మా గట్టి నమ్మకం.

ఇక పని విషయానికొద్దాం. బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీలో ఉపగ్రహ చిత్రాలు చదివేవాళ్లున్నారు, ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో మట్టిలోని లోహాలు కొలిచే పరికరాలున్నాయి, దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. ఈ నగరం నుంచి ఇలాంటి ప్రాజెక్టుకు ప్రతిపాదన రాస్తే అందులో ఏముండాలి?

మొదటిది యుద్ధానికి ముందరి చిత్రం. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం, ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల వివరంతో అయిదు రోజులకోసారి వస్తాయి. ముందూ వెనకా ఒకే నెల చిత్రాలు పోల్చాలి. మన టేకు అడవిని డిసెంబర్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చూస్తే యుద్ధం లేకుండానే అడవి మాయమైనట్టు కనిపిస్తుంది, ఆకు రాలిందంతే. కాలిన నేల తేలిగ్గా తెలుస్తుంది. గుండ్లు తవ్విన గుంతలు తెలియాలంటే మీటరు లోపు వివరం ఉన్న చిత్రాలు కొనాలి, వాటికి వేరే పద్దు కావాలి.

రెండోది నేల మీద భద్రత. మందుపాతరలు, పేలని గుండ్లు తీయకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. అడవిలో ఈ పని పొలంలో కంటే ఎంతో నెమ్మది: ప్రతి ఇనుప తునకకూ యంత్రం కూస్తుంది, వేళ్లు అడ్డొస్తాయి. పైగా తీసేవాళ్లు ముందుగా పొదలు కొట్టేస్తారు, వాటితోపాటు దానంతటదే మొలిచిన లేత చెట్లూ పోతాయి. అందుకే వాళ్ల పద్ధతి ఖరారయ్యే సమావేశంలోనే అటవీ పరిశోధకుడు కూర్చుని, ఏవి కొట్టకూడదో రంగు రిబ్బన్లతో గుర్తుపెట్టే ఏర్పాటు అడగాలి.

మూడోది మట్టి. గుంత అడుగు, గుంత గట్టు, మట్టి ఎగిరిపడ్డ చోటు, దెబ్బతినని చోటు, ఈ నాలుగింటి నుంచీ 0–10, 10–30 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి. పేలుడు పదార్థం రేణువులుగా చెదిరి ఉంటుంది కనుక ఒక్క పిడికెడు తీస్తే ఒకసారి సున్నా, ఇంకోసారి భయంకరమైన అంకె వస్తుంది. ఒక్కో విభాగం నుంచి కనీసం 30 చోట్ల కొంచెం కొంచెం తీసి కలపాలి, అలా మూడుసార్లు చేయాలి. వెలుతురు తగలకుండా చల్లగా తేవాలి. టీఎన్‌టీ మట్టిని పట్టుకుని ఉంటుంది, ఆర్‌డీఎక్స్ నీటితో కిందికి దిగిపోతుంది. మట్టిలో కనిపించలేదని వదిలేయకుండా దగ్గర్లోని బావి నీళ్లూ చూడాలి.

నాలుగోది నాటాలా వద్దా అన్న ప్రశ్న. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా ఆనకట్ట కూలి జలాశయం ఖాళీ అయ్యాక, బయటపడ్డ అడుగు నేలలో విల్లో, పాప్లర్ మొలకలు వాటంతటవే దట్టంగా లేచాయి. అలాంటిచోట మొక్క నాటడం దండగ. కాబట్టి 20×20 మీటర్ల ముక్కల్లో నాలుగు పద్ధతులు పరీక్షించాలి: ఏమీ చేయనిది, గడ్డి మాత్రమే తీసినది, స్థానిక జాతులే నాటినది, నీడ చెట్లతో కలిపి నాటినది. ఒక్కోటి నాలుగు చోట్ల, మొత్తం 16 ముక్కలు. 2 మీటర్ల ఎడంతో ముక్కకు 100 మొక్కలు, నాటేవి ఎనిమిది ముక్కలే కాబట్టి 800, చచ్చినవాటి చోట పెట్టడానికి ఇంకో 160. నిధులిచ్చేవారు ఎక్కువగా కొట్టేసేది ఆ ఏమీ చేయని ముక్కనే, ఖాళీ నేలకు కాపలా ఖర్చెందుకని. అది లేకపోతే మిగతా పన్నెండు ముక్కల ఫలితానికి అర్థం లేదు, అక్కడ మాత్రం పట్టు విడవకూడదు.

గడువు ఇంకో గొడవ. ప్రాజెక్టులు సాధారణంగా మూడేళ్లవి. అందులో ఒక ఏడాది అనుమతులకు, పాతరల తొలగింపుకు పోతుంది, ఒకటి నర్సరీకి. నాటిన తర్వాత మిగిలేది ఒక్క వర్షాకాలం. మొక్క నిలిచిందో లేదో అయిదో ఏడు దాకా తేలదు. అడవి నేలను వేరే పనులకు ఇచ్చినప్పుడు వసూలు చేసే పరిహారాన్ని తిరిగి అడవుల పెంపకానికి వాడే మన కంపా చట్టం 2016లో వచ్చింది, ఆ సొమ్ములో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం జాతీయ నిధికి వెళ్తుంది. అది యుద్ధానికి సంబంధించినది కాకపోయినా ఒక వెసులుబాటు చూపిస్తుంది: ఏటా మురిగిపోని నిధి ఉంటే పదేళ్ల పనికీ ప్రణాళిక వేసుకోవచ్చు.

ఉక్రెయిన్ నష్టాల నమోదుకు ఐరోపా మండలి 2023 మేలో హేగ్ కేంద్రంగా ఒక రిజిస్టర్ ఏర్పాటు చేసింది. పర్యావరణ నష్టానికీ అందులో చోటుంది. అది డబ్బు ఇచ్చేది కాదు, రుజువులు దాచేది. చెల్లింపు ఎన్నేళ్లకు జరిగినా ఎవరో ఒకరు ఆ మట్టిని మళ్లీ పరీక్షించమంటారు. కనుక ప్రతి నమూనాలో సగం ముట్టకుండా, ఎక్కడ, ఏ రోజు, ఎంత లోతు నుంచి తీసిందో సీసా మీదా ప్రయోగశాల పుస్తకంలోనూ రాసి, ఫ్రీజర్‌లో దాచాలి. ఆ ఫ్రీజర్, దానికి కరెంటు, జనరేటర్, తాళం చెవి ఉన్న మనిషి జీతం, ఇవన్నీ పదేళ్లకు లెక్కగట్టి మొదటి ప్రతిపాదనలోనే రాయాలి.